చేదయితే మందేనా?

చదవకముందు కాకరకాయ అన్నవాడు చదివాక కీకరకాయ అన్నాడని సామెత. ఇప్పటి చదువుకున్నవారు ఇంకో అడుగు ముందుకు వేసి, పొద్దున్నే పరగడుపున దాని రసం తాగుతున్నారు. మీకు ఉదయపు నడక అలవాటుంటే పార్కు గేటు దగ్గర ఆ బండిని చూసే ఉంటారు. కాకర రసం, వేపాకు రసం, సొరకాయ రసం, ఉసిరి రసం సీసాల్లో వరుసగా ఉంటాయి. బండివాడి మీద నాకు కోపం లేదు. అతను అమ్మేది రసం మాత్రమే. దాని వెనకున్న నమ్మకాన్ని ఊరూరా పంచిపెడుతున్నవి మన ఆరోగ్య శీర్షికలు. చేదు రక్తాన్ని శుభ్రం చేస్తుందనీ, తీపి తెచ్చిన జబ్బును చేదు పోగొడుతుందనీ, జీర్ణశక్తిని పెంచుతుందనీ రాస్తారు. వస్తువేదైనా సరే, చేదుగా ఉంటే చాలు, మందుల జాబితాలో చేరిపోతుంది. నా అభ్యంతరమంతా ఈ "చాలు" అన్న మాట మీదే.

అసలు చేదు అనేది ఒక పదార్థం కాదు. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని వేలాది రసాయనాలకు మన నాలుక పెట్టిన ఉమ్మడి పేరు అది. తీపిని గుర్తించడానికి మనిషికి ముఖ్యంగా ఒకే రకం గ్రాహకం ఉంది. చేదును పట్టుకోవడానికి సుమారు 25 రకాలున్నాయి. ఇన్ని ఎందుకో ఊహించడం కష్టం కాదు. కదలలేని మొక్క తనను తినే జంతువుల నుంచి కాపాడుకోవడానికి తయారుచేసుకున్న విషాల్లో చాలా వాటికి చేదు రుచి ఉంటుంది. నాలుక చేసేది కాపలా పని. క్వినైన్ చేదు, కాఫీలోని కెఫీన్ చేదు, కుంకుడుకాయ చేదు, ముష్టి గింజలోని స్ట్రిక్నిన్ కూడా చేదే. మొదటిది మలేరియాకు మందు, చివరిది ప్రాణం తీసే విషం. వాటి మధ్య తేడా చెప్పడం నాలుక వల్ల కాదు.

మెంతుల సంగతి చూడండి. చేదు మహిమకు అందరూ చూపే సాక్ష్యం అదే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ చేసిన పరిశోధన 1986లో వెలువడింది. పూర్తి మెంతిగింజలు, వాటి నుంచి వేరుచేసిన జిగురు, జిగురు తీసేసిన గింజలు, వండిన మెంతికూర వేరువేరుగా తినిపించి, రక్తంలో గ్లూకోజు ఎలా మారుతుందో కొలిచారు. పూర్తి గింజలు బాగా పనిచేశాయి. జిగురు కూడా బాగానే పనిచేసింది. జిగురు తీసేసిన గింజల ప్రభావమూ, మెంతికూర ప్రభావమూ స్వల్పమే. అంటే పనిచేసింది ప్రధానంగా చేదు కాదు, జిగురు. రాత్రి నానబెట్టిన మెంతులు తెల్లవారేసరికి జిగటగా ఉబ్బడం మీకు తెలిసిందే. నీటిలో కరిగే ఆ పీచు పేగులో అన్నాన్ని చిక్కబరచి, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. ఇసబ్‌గోల్‌కు చేదే లేదు, అయినా చేసే పని ఇలాంటిదే. ఇంకో మాట. 1990లో అదే సంస్థ ఇన్సులిన్ మీద ఆధారపడిన రోగులకు ఇచ్చి చూసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు. పోపులో వేసే చిటికెడుతో దాన్ని పోల్చుకుని సంబరపడకూడదు.

కాకరకాయ విషయంలో సాక్ష్యం ఇంకా పలచన. అందులో "మొక్కల ఇన్సులిన్" ఉందని రాసేవారు 1981 నాటి ఒక ప్రయోగాన్ని ఉదహరిస్తారు. ఆ ప్రొటీన్‌ను అప్పుడు సూదిమందుగా ఇచ్చారన్న సంగతి మాత్రం రాయరు. రసంలో తాగిన ప్రొటీన్ పప్పులోని ప్రొటీన్ లాగానే కడుపులో అరిగిపోతుంది. ఇన్సులిన్‌ను ఈనాటికీ చాలామంది సూదితోనే తీసుకోవలసి రావడానికి కారణం అదే. ఇక మనుషుల మీద జరిగిన పరీక్షలను సమీక్షించిన కోక్రేన్ బృందానికి 2012 నాటికి దొరికినవి నాలుగే. వాటిలో పాల్గొన్నవారు 479 మంది. మధుమేహానికి కాకరను సిఫారసు చేసేంత ఆధారం లేదని ఆ సమీక్ష తేల్చింది. ప్రభావం బొత్తిగా లేదని నేను అనడం లేదు. కాకర కూర తింటూ క్లోర్‌ప్రొపమైడ్ మాత్రలు వాడిన రోగిలో రెండూ కలిసి పనిచేసిన ఉదంతం 1979లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది. డాక్టరుకు చెప్పకుండా మాత్రల మీద రసం తాగేవారు ఆలోచించవలసింది ఇక్కడే. మాత్రలు మానేసి రసం పట్టుకున్నవారి గతి అంతకన్నా కష్టం.

కాకరకాయ వేపుడంటే నాకు ప్రాణం. ముక్కలకు ఉప్పు రాసి, పిండి, ఆ నీళ్ళు పారబోసి, చింతపండూ బెల్లమూ చేర్చి వండుతాం. ఆ చేదే మందయితే దాన్ని వదిలించడానికి మన అమ్మమ్మలు ఇంత శ్రమ ఎందుకు పడ్డట్టు?

జీర్ణక్రియ దగ్గర మాత్రం పాతమాటలో కొంత నిజముంది. చేదు గ్రాహకాలు నాలుక మీదే కాదు, కడుపులోనూ పేగుల్లోనూ ఉన్నాయని ఇప్పుడు తెలుసు. కెఫీన్ కడుపులోని ఈ గ్రాహకాల ద్వారా ఆమ్లం ఊరేలా చేస్తుందని 2017లో చూపించారు. ఆకలి మందగించినవాడికి అది మేలు చేయవచ్చు. అల్సరు ఉన్నవాడికీ, గుండెల్లో మంటతో నిద్రపట్టనివాడికీ అదే ఆమ్లం శత్రువు. "అందరూ తాగండి" అని రాసేవారు ఈ రెండోవాడిని మరచిపోతారు.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది సొరకాయ. మామూలుగా అది చేదుగా ఉండదు. ఏదో ఒక కాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఎక్కువైనప్పుడు చేదెక్కుతుంది. కూరలో అయితే మొదటి ముద్దకే ఉమ్మేస్తాం. రసంలో అయితే, అందులోనూ చేదు ఒంటికి మంచిదని నమ్మినవాడైతే, కళ్ళు మూసుకుని గ్లాసు ఖాళీ చేస్తాడు. 2010లో ఢిల్లీలో సొరకాయ, కాకరకాయ రసాలు కలిపి తాగిన ఒక శాస్త్రవేత్త మరణించారు. కాకర చేదులో సొర చేదు దాగిపోతే కాపలా కుక్క మొరిగినా వినపడదు. ఇలాంటి ఘటనల తరువాత భారత వైద్య పరిశోధన మండలి ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. వారి నివేదిక 2012లో ప్రచురితమైంది. రసం తీసేముందు చిన్న ముక్క కోసి రుచి చూడాలి, చేదుంటే కాయ మొత్తం పారేయాలి, సొర రసంలో వేరే రసమేదీ కలపకూడదు అని వారు చెప్పారు. వండినా ఆ చేదు విరగదు. తాగిన కాసేపటికే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలైతే, వాంతిలో రక్తం కనిపిస్తే, చిట్కాలు వెతక్కుండా ఆసుపత్రికి వెళ్ళాలి, ఏం తాగారో చెప్పాలి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. సెలైన్ ఎక్కించి, రక్తపోటు పడిపోకుండా నిలబెట్టడమే వైద్యులు చేయగలిగింది.