మాటలు లెక్కపెట్టే విద్య

సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబర్ 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల పూనికతో వెలసింది. అలాంటి గ్రంథాలయంలో పుస్తకాల నిల్వ సరిచూసే పద్ధతి ఎరిగినవారికి ప్రోగ్రామింగ్‌లోని లూప్ కొత్తగా తోచదు: అలమరలోంచి పుస్తకం తీసి, దాని సంఖ్యను రిజిస్టరులో వెతికి, టిక్కు పెట్టి, పక్క పుస్తకానికి పోవడం, పుస్తకాలు అయిపోగానే ఆగడం. ఆగవలసిన చోటు ముందే చెప్పి ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడమే లూప్. ఆ చోటు చెప్పడం మరిస్తే యంత్రం విసుగన్నది లేకుండా తిరుగుతూనే ఉంటుంది.

లూప్ తర్వాత నేర్పే అభ్యాసం సాధారణంగా పదాల లెక్క. వాక్యాన్ని ఖాళీల దగ్గర విడగొట్టి, ఒక్కొక్క పదాన్నీ పట్టికలో వెతికి, ఉంటే దాని లెక్కకు ఒకటి కలిపి, లేకపోతే కొత్తగా చేర్చి ఒకటి వేస్తారు. పైథాన్ భాషలో ఆ పట్టిక పేరు డిక్షనరీ, అయితే అందులో అర్థాలు ఉండవలసిన పని లేదు.

'పుస్తకం కొన్నవాడు పుస్తకం చదవడు, అరువు తెచ్చినవాడు పుస్తకాన్ని తిరిగివ్వడు' అన్న వాక్యాన్ని ఇస్తే, పదాలు ఎనిమిదని యంత్రం సరిగానే చెబుతుంది. పుస్తకం ఎన్నిసార్లు వచ్చిందంటే మాత్రం, చదివినవారు మూడంటారు, యంత్రం రెండంటుంది. విభక్తి చేరిన 'పుస్తకాన్ని' దానికి వేరే పదం, కామా అంటుకున్న 'చదవడు' కూడా కామా లేని 'చదవడు'కు పరాయిదే. సంధి కలిసిన పదాల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇంకో చిక్కు రాతలోనే ఉంది. పాఠాల్లో తరచు కనబడే '\w+' అన్న గుర్తు అక్షరాల వరుసను పట్టుకుంటుందని చెబుతారు. పైథాన్‌తో పాటు వచ్చే మాడ్యూల్‌లో అది గుణింతపు గుర్తులను అక్షరాలుగా ఎంచదు గనుక, 'తెలుగు'ను త, ల, గ అని మూడు పదాలుగా తుంచేస్తుంది. 'స్త్రీ' పొడవెంతని అడిగితే ఆరంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.

ఇంగ్లీషు వాక్యాలతోనే సరిపెట్టే పాఠాల్లో ఈ చిక్కులు విద్యార్థి కంట పడవు, పదమంటే ఖాళీల మధ్య ఉన్నదేనన్న భ్రమ అతనిలో నిలిచిపోతుంది. అందుచేత కొత్తగా నేర్చుకునేవారు తమ మొదటి ప్రోగ్రామును ఒక తెలుగు పేజీ మీద నడిపి, వచ్చిన లెక్కను పెన్సిలు పట్టి ఒకసారి సరిచూసుకోవాలి.