వెన్ను కింద వేళ్లు

బోరింగు కొట్టేటప్పుడు పిడి పైకీ కిందికీ ఆడుతుంది. బకెట్టు కాడ ఎత్తితే పక్కనుంచి పైకి లేస్తుంది. మన పక్కటెముకలూ అంతే: ఊపిరి తీసినప్పుడు పైవి బోరింగు పిడిలా ముందుకు, కిందివి బకెట్టు కాడలా పక్కలకు లేస్తాయి. వయసు మీద పడ్డాక వాటిని రొమ్ము ఎముకకు కలిపే మెత్తని భాగం గట్టిపడుతుంది, వీపు వంగుతుంది, ఆ కదలిక కుదించుకుపోతుంది. దాన్ని చేతులతో తిరిగి సాగదీయాలని చూసే పని ‘రిబ్ రైజింగ్’. ఇది 1892లో అమెరికాలోని కర్క్స్‌విల్‌లో ఆండ్రూ టేలర్ స్టిల్ బడి పెట్టి నేర్పిన ఆస్టియోపతీ అనే చేతి వైద్య సంప్రదాయంలోది.

ఇందులో రోగి వెల్లకిలా పడుకునే ఉంటారు. న్యుమోనియాతో నీరసించిన ముసలాయన్ని లేపి కూర్చోబెట్టనక్కర్లేదు, బోర్లా తిప్పనక్కర్లేదు. వైద్యుడు మంచం పక్కన కూర్చుని అరచేతులు పైకి ఉంచి వీపు కిందికి జారుస్తాడు. వెన్నుపూసల పక్కనే, పక్కటెముక మొదలయ్యే చోటును వేళ్ల కొసలు వెతికి పట్టుకుంటాయి. ఆ తర్వాత వేళ్లతో పొడవడు. మోచేతులను మెల్లగా కిందికి దించుతాడు. ముంజేయి పరుపు మీద మీటలా తిరిగి వేళ్లు పైకి లేస్తాయి. పైనున్న ఒంటి బరువే కావలసిన ఒత్తిడి ఇస్తుంది. బలం వాడకుండా బలం పుట్టించడం! ఈ పనిలో నన్ను కట్టిపడేసింది ఇదే. ఒక చోట పట్టు సడలిందని వేళ్లకు తెలిశాకే పక్క ఎముకకు వెళ్తాయి.

దీనితో పాటు ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఊపిరి కండరం, డయాఫ్రం, మీద కూడా పని చేస్తారు. అక్కడ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. బొటనవేళ్లు డొక్కల అంచు కింద ఆని, ఊపిరి వదిలినప్పుడు దాని వెంటే లోపలికి వెళ్తాయి, పీల్చినప్పుడు ఉన్నచోటే నిలుస్తాయి.

ఫలితం మాటేమిటి? 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో యాభై ఏళ్లు, ఆపైబడిన 406 మంది న్యుమోనియా రోగులను 7 ఆసుపత్రుల్లో పరీక్షించారు. ఈ రెండింటితో పాటు మరికొన్ని ఆస్టియోపతీ పద్ధతులు కలిపి రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున చికిత్స. అందరినీ కలిపి లెక్కిస్తే తేడా తేలలేదు. నియమం ప్రకారం చికిత్స పూర్తయినవారిలో మాత్రం, మామూలు వైద్యం ఒక్కటే అందినవారికంటే ఆసుపత్రి రోజులు తగ్గాయి. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్న 35 మంది వృద్ధులపై చేసి 2008లో వెలువరించిన ఇలాంటి పరీక్షలో, ఊపిరి తేలికైందని చాలామంది చెప్పినా, ఊపిరితిత్తుల్లో చిక్కుకున్న గాలి కొంత పెరిగింది. కనుక దీన్ని మందులకు తోడుగానే చూడాలి, బదులుగా కాదు.

మీ ఇంట్లో పెద్దలకు ఆయాసముంటే ముందు ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. వీడియో చూసి మీరే ప్రయత్నించకండి. ఎముకలు గుల్లబారినవారికి కొద్దిపాటి ఒత్తిడితోనే పక్కటెముక విరగవచ్చు.