ఎదురుగాలికి ముందెవరు?

మొన్న ఆదివారం మా భీమిలి సైకిలు జట్టులోకి కొత్తగా ఒక కుర్రాడు వచ్చాడు. మా బ్యాంకు మిత్రుడి మేనల్లుడు. బెంగళూరులో ఉద్యోగం, ప్రస్తుతం ఇంటి నుంచే పని. నెమ్మదైన మనిషి, పెద్దల మాటకి అడ్డం రాడు. కాని అతని సైకిలు హ్యాండిల్ మీద అగ్గిపెట్టెంత మీటరు బిగించి ఉంది. ఎంత వేగం, ఎంత దూరం, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, అన్నీ అందులో కనబడుతూ ఉంటాయి. విశాఖ బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్ దగ్గర బయల్దేరబోతూ అతను దాన్ని నొక్కి సున్నాకి తెచ్చుకుంటుంటే, తెల్లవారుజామునే నాకు చిరాకేసింది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి ఆ చిరాకు కొత్త కాదు. ఆదివారాన్ని కొలవకూడదని చాలాకాలంగా చెబుతున్నాను. వారమంతా ఆఫీసులో లెక్కలు, ఇంట్లో బిల్లులు, ఆస్పత్రిలో రిపోర్టులు. ఒక్క పూట మనిషి తన ఒంటిని అంకెల్లో చూసుకోకుండా బతకాలి. ఆదివారం సైకిలంటే నా దృష్టిలో సగం తొక్కడం, సగం తినడం. తొందరపడితే రెండూ చెడతాయి. మీటరు పెట్టినవాడు ఇడ్లీ దగ్గర కూడా టైము చూసుకుంటాడని నా గట్టి నమ్మకం.

బీచ్ రోడ్డు నుంచి భీమిలి ముప్ఫై కిలోమీటర్లకి అటూ ఇటూ. పోయేటప్పుడు సముద్రం కుడిచేతి వైపు. కైలాసగిరి కింద నుంచి, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్, రుషికొండ దాటి, తొట్లకొండ దగ్గర కాస్త ఎగువ ఎక్కి దిగితే మంగమారిపేట. ఈ వానాకాలంలో గాలి నైరుతి నుంచి వస్తుంది. మన తీరం కూడా నైరుతి నుంచి ఈశాన్యానికే సాగుతుంది కాబట్టి, భీమిలి వైపు పోతున్నంతసేపూ గాలి వీపు మీద చెయ్యేసి తోస్తూనే ఉంటుంది. పెద్దగా తొక్కక్కర్లేదు. మా జట్టులోని డాక్టరుగారు దారి పొడుగునా మాట్లాడుతూనే వచ్చారు, ఆయాసం లేదు.

మంగమారిపేట దాటాక పాక హోటల్లో టిఫిను. పెసలు పొట్టుతోనే రుబ్బిన పిండి. పెనం మీద పోసి, గరిటె అడుగుతో తిప్పి, సన్నగా తరిగిన అల్లం, ఉల్లి, పచ్చిమిర్చి చల్లి అరచేత్తో ఒత్తుతుంది ఆ ఇంటావిడ. ఆ చెయ్యి పెనానికి తగిలీ తగలనట్టు లేస్తుంది. అంచు ఎర్రబడి తనంతట తను పైకి లేచాకే అట్లకాడ పెడుతుంది. ఉప్మా పక్కన వేరే ఆకులో ఇస్తుంది. అదే పద్ధతి. ఉప్మాని పెసరట్టులో చుట్టి ఇస్తే అట్టు కరకర ఆవిరికి మెత్తబడి పోతుంది. ఈ మాట రాసినప్పుడల్లా గోదావరి జిల్లాల పాఠకులు నొచ్చుకుంటారని తెలుసు. నా మాట అదే.

ఆ కుర్రాడు రెండు అట్లు తిన్నాడు. టైము చూసుకోలేదు.

భీమిలి చేరేసరికి ఎనిమిదిన్నర. గోస్తని సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చున్నాం. డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళి రాతి మీద చెక్కిన అక్షరాలు తడిమి చూశాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. ఇప్పటికీ దాని వీధుల్లో సైకిలు హాయిగా నడుస్తుంది. చేపల వేట నిషేధం జూన్ 14తో తీరిపోయింది కదా, అరవయ్యొక్క రోజుల విరామం తర్వాత తీరంలో మళ్ళీ సందడి. తెలిసినవాళ్ళింట్లో పదింటికే అన్నం పెట్టారు. కానాగంతల పులుసు, నెత్తళ్ళ వేపుడు. నెత్తళ్ళు శుభ్రం చెయ్యడానికి కత్తి అక్కర్లేదు. తల దగ్గర బొటనవేలి గోరుతో గిల్లి లాగితే పొట్టలోది మొత్తం తలతోపాటే ఊడొస్తుంది. ఉప్పు, పసుపు, కారం పట్టించి సన్న సెగ మీద వేపుతారు. ముల్లుతో సహా నమిలెయ్యడమే.

తిన్నాక లేవబుద్ధి కాలేదు. అక్కడే అసలు చిక్కు. తెల్లవారుజామున మెత్తగా ఉండే గాలి పొద్దెక్కేకొద్దీ బలపడుతుంది. మనం కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్న ప్రతి అరగంటా తిరుగుదారి బరువెక్కుతూ ఉంటుంది. పొద్దున్న వీపు మీద తోసిన గాలే ఇప్పుడు ఎదురు రొమ్ముకి కొడుతుంది. గంటకి పదహారు కిలోమీటర్ల వేగంతో మనం పోతుంటే, ఇరవై కిలోమీటర్ల గాలి ఎదురొస్తే, ఒంటికి తగిలేది ముప్ఫై ఆరు. తగిలే గాలి వేగం రెట్టింపైతే అది వెనక్కి నెట్టే బలం నాలుగింతలవుతుంది. అందుకే భీమిలికి నవ్వుతూ వచ్చినవాళ్ళు రుషికొండ దగ్గర ఆటో మాట్లాడుకుంటారు. మా టీచరుగారు (ఆవిడకి అరవై దాటాయి) ఆ కారణంగానే రుషికొండ దాటి రావడం మానేశారు. ఈసారి మేం బతిమాలితే వచ్చారు.

ఎదురుగాలి అనగానే నాకు మా పెదనాన్న గుర్తొస్తాడు. ఆయన మాట ఎత్తితే ఈ కాలమ్ చేతికి దొరకదని పాత పాఠకులకి తెలుసు, అయినా ఈ వారం తప్పదు.

ఆనందపురం దగ్గర మాకు కాస్త మెట్ట ఉండేది. ఆనపకాయలు, బీరకాయలు, దొండకాయలు పండించి సైకిలు మీద విశాఖ పూర్ణా మార్కెట్‌కి తెచ్చేవాడు పెదనాన్న. సెలవల్లో నన్నూ తెచ్చేవాడు. బారు మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టేవాడు. వెనక క్యారియర్ మీద అడ్డంగా చెక్క, దాని మీద రెండు గోనెలు, పాత ట్యూబు ముక్కలతో బిగించి కట్టు. బయల్దేరే ముందు టైరుని బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలు దిగితే పంపు తెమ్మనేవాడు. నడిరాత్రి దాటాక ఊళ్ళోంచి ఐదారు సైకిళ్ళు కలిసి కదిలేవి. మధురవాడ మీదుగా వచ్చి, ఎండాడ ఎత్తు నడిపించుకుని ఎక్కి, హనుమంతవాక దిగేవి.

అంత రాత్రప్పుడు బయల్దేరేది మార్కెట్ కోసమే అనుకునేవాణ్ణి. అడిగితే, "మార్కెట్టూ ఉంది, గాలీ ఉంది గుంటడా. తెల్లారితే గాలి లేస్తది, ఈ బరువుతో తొక్కలేం" అన్నాడు. వానాకాలంలో రాత్రి పూట కూడా గాలి పడని రోజులుండేవి. అప్పుడు అందరూ ఒకే వరస. ముందు సైకిలు వెనక చక్రానికి రెండు మూరల దూరంలో తర్వాతి సైకిలు ముందు చక్రం. ముందున్నవాడు అలిసిపోతే మాట లేదు, చెయ్యి కాస్త ఊపి పక్కకి తప్పుకునేవాడు. మిగతావాళ్ళు దాటాక వరస చివర కలిసేవాడు. ఆ రోజు గోనె బరువు ఎక్కువున్నవాడిని, ఒంట్లో బాగోలేనివాడిని ముందుకి రానిచ్చేవారు కాదు. నేను బారు మీద ఉంటాను కాబట్టి ఆ తేడా నాకు ముఖం మీదే తెలిసేది. పెదనాన్న వంతు వచ్చినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగేంత గాలి. వెనక్కి చేరగానే ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయేది.

హనుమంతవాక దగ్గర ఒకావిడ చోడి అంబలి అమ్మేది. ఆకలున్నా లేకున్నా అందరూ తాగాల్సిందే. పచ్చి ఉల్లిపాయ, ఉప్పు, ఒక మిరపకాయ. నాకు వద్దంటే ఒప్పుకునేవాడు కాదు. "ఆకలేసాక తాగితే ఆలీసమైపోద్ది. బేగి తాగీ." పెద్ద పెద్ద పోటీల్లో తొక్కేవాళ్ళకి ఇవాళ కోచ్‌లు చెప్పేది అదే, ఆకలి తెలియకముందే తినమని. మా ఊళ్ళో అంబలి గ్లాసుతో చెప్పారు. 1999లో రైతుబజార్లు వచ్చాక కాయగూరలు బస్సులూ ఆటోలూ ఎక్కాయి. ఆ సైకిళ్ళ వరస మళ్ళీ చూడలేదు.

భీమిలి నుంచి తిరిగి బయల్దేరేసరికి పదకొండు దాటింది. ఆకాశం మబ్బుగా ఉంది గాని, గాలి మాత్రం కొబ్బరి మట్టల్ని ఒకే పక్కకి వంచి పట్టుకుంది. కుర్రాడు నా దగ్గరికి వచ్చి, "మావయ్యా, నేను ముందుంటాను. మీరు నా వెనక చక్రం చూసుకోండి, ఎడం రానివ్వకండి. మీ వెనక టీచరుగారు" అన్నాడు. ఇక జోరు చూపిస్తాడనుకున్నాను.

చూపించలేదు. గాలి సరిగ్గా ఎదురు కాకుండా కొంచెం కుడిపక్క నుంచి వస్తోందని గమనించి, తాను ఓ అడుగు కుడికి జరిగి, మాకు రోడ్డంచున ఎడమ పక్క చోటు వదిలాడు. గొయ్యి వస్తే వేలు కిందికి చూపేవాడు. బస్సు వస్తుంటే చెయ్యెత్తేవాడు. ఎర్రమట్టి దిబ్బల మలుపు దగ్గర తల వంచి మీటరు చూసుకున్నాడు. మరో నిమిషానికి మళ్ళీ చూసుకున్నాడు. ఆపుకోలేక అడిగాను, దాంట్లో అంతగా ఏముందని.

"పదహారు దాటకుండా చూసుకుంటున్నానండీ. ముందున్నవాడికి తెలీకుండానే వేగం పెరిగిపోద్ది. కాలు ఊరుకోదు. పద్ధెనిమిదైతే టీచరుగారు తెగిపోతారు. ఒకసారి ఎడం పడితే ఆవిడ ఒక్కరే గాలిని కొయ్యాలి."

అతను కాలేజీ రోజుల్లో పోటీల్లో తొక్కాడట. గాలి చాటున ఉంటే మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుందని, ఆ చాటు రెండు మూరలు దాటితే పలచబడుతుందని అక్కడే నేర్చుకున్నాడు. పెదనాన్నకి ఇవేవీ లెక్కల్లో తెలియవు. అయితే ఆయన వరసలో అందరి బలమూ ఇంచుమించు ఒకటే, అందరూ రోజూ తొక్కేవాళ్ళే. వేగం దానంతట అదే కుదురుకునేది. మా జట్టు అలాంటిది కాదు. ఇరవయ్యేడేళ్ళవాడూ ఉన్నాడు, మోకాలికి పట్టీ వేసుకున్న ఆవిడా ఉంది. ఇంత తేడా ఉన్నవాళ్ళని ఒక్క తాడు మీద నడిపించాలంటే ముందున్నవాడు తన కాలిని నమ్ముకోకూడదు, అంకెనే నమ్ముకోవాలి. నిదానంగా వెళ్ళడానికి కూడా కొలత కావాలి. జట్టుకట్టి తొక్కేచోట మీటరు వద్దని ఇకమీదట నేను రాయను. అది ముందున్నవాడి హ్యాండిల్ మీద ఉండాలి, అంతే. మిగతావాళ్ళకి ముందు చక్రం చాలు.

తొట్లకొండ ఎగువ మీద డాక్టరుగారు కాసేపు, దిగువలో నేను కాసేపు ముందున్నాం. మిగతా దారంతా అతనే. సాగర్‌నగర్ దగ్గర నీళ్ళకి ఆగినప్పుడు అతని చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. టీచరుగారు మాత్రం మాట్లాడుతూ దిగారు. ఆటోవాళ్ళు రెండుచోట్ల పిలిచినా ఆవిడ అటు తిరగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, బాటిల్ మూత బిగించి, కుర్రాడి హ్యాండిల్ మీదికి వంగి ఆ మీటరులో వేగం ఎక్కడ కనబడుతుందో అడిగి చూశారు. ఇక్కడ రోడ్డు చదునే కదా, ఒక రెండు నిమిషాలు తననీ ముందుండనివ్వమన్నారు.