‘దేవదాసు’ నవల – చలనచిత్రాల మూలవిధేయత

ఒక నవల చలనచిత్రంగా మారినప్పుడు మూలంలోని సన్నివేశాలలో ఎన్ని నిలిచినవి, ఎన్ని తొలగినవి అని లెక్కించుట విమర్శలో పరిపాటి. ఈ లెక్క అవసరమే గాని అది చాలదు. నవలను చదువరి ఏకాంతంలో, తీరికగా చదువుకొంటాడు. చిత్రాన్ని పదిమంది నడుమ రెండు మూడు గంటలలో చూస్తాడు. కనుక కథ కుదించక తప్పదు. కొన్ని పాత్రలు జారిపోకా తప్పదు. రచయిత తన పాత్రలను ఏ దృష్టితో చూచినాడో ఆ దృష్టి తెర మీద నిలిచినదా అన్నదే అసలు పరీక్ష. ఈ పరీక్షకు శరత్చంద్ర చటోపాధ్యాయుని ‘దేవదాసు’ తగిన ఉదాహరణ.

శరత్ యౌవనంలో వ్రాసి 1917లో ప్రకటించిన ఈ చిన్న నవలను 1935లో ప్రమథేశ్ బారువా వంగభాషలోను, 1953లో వేదాంతం రాఘవయ్య తెలుగు, తమిళ భాషలలోను, 1955లో బిమల్ రాయ్, 2002లో సంజయ్ లీలా భన్సాలీ హిందీలోను తెరకెక్కించినారు. చక్రపాణి మొదలైనవారి అనువాదాల వలన శరత్ అప్పటికే తెలుగు ఇండ్లలో సొంత రచయిత అయినాడు. మద్రాసులో తయారైన వినోదా వారి చిత్రం ఆ కథను తెలుగు కథగానే చేసివేసినది. అందులో వంగదేశపు పల్లె తెలుగు పల్లె అయినది, చునీలాలు భగవానుడైనాడు. ఇట్టి మార్పులు మూలద్రోహం కావు. కథ మరొక నేలలో వేరూనుటకు ఇవి అవసరమైనవి.

అసలు తేడా మరొకచోట ఉన్నది. శరత్ చిత్రించిన దేవదాసు ప్రేమవీరుడు కాడు, బలహీనుడు. లోకనిందను లెక్కచేయక అర్ధరాత్రి తన గదికి వచ్చిన పార్వతిని అతడు తల్లిదండ్రుల మాటకు జంకి వదలుకొన్నాడు. కలకత్తా చేరి, ఆమెపై తనకు అంతటి ప్రేమ ఎన్నడూ లేదన్న అర్థం వచ్చునట్లు ఉత్తరం వ్రాసినాడు. పెండ్లి నిశ్చయమైన తరువాత ఆమె ఆత్మాభిమానంతో మాటలాడినందుకు గాలపు కర్రతో ముఖాన కొట్టినాడు. ఈ నవలలో ధైర్యమంతా స్త్రీలదే. పార్వతి అడుగవలసినది అడిగినది. చంద్రముఖి తన వృత్తిని విడిచి, పల్లెలో మట్టియింట కాపురముండినది. శరత్ తన నాయకుని యెడ జాలి చూపినాడే గాని అతనిని పొగడలేదు.

1953 నాటి తెలుగు చిత్రంలో నాగేశ్వరరావు, సావిత్రుల నటన ఈ బలహీనతను, ఈ ధైర్యాన్ని కాపాడినది. అయితే సి. ఆర్. సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల కంఠం కలిసి మరొక పని చేసినవి. వాటివలన నాయకుని ఓటమి వైరాగ్యంగాను, తాగుడు తత్త్వంగాను వినిపించినవి. కళగా అవి ఉత్తమమైనవే. కాని నవలలో రచయిత చెప్పిన తీర్పు పాటలో కరిగిపోయినది. నాటినుండి ‘దేవదాసు’ అన్న పేరు తెలుగునాట భగ్నప్రేమికునికి బిరుదుగా నిలిచినది.

ముగింపులో ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. చిత్రంలో పార్వతి పరుగున వస్తుంది, తలుపులు మూసుకొంటాయి, ప్రేక్షకుని గుండె ఆ తలుపు వద్దనే ఆగిపోతుంది. నవలలో శవం తరలిపోయిన తరువాత గాని పార్వతికి వార్త తెలియదు. బ్రాహ్మణుని శవమే అయినా పల్లెలో ఎవరూ దానిని ముట్టరు. చివరకు కాటిపనివారు కట్టి తీసుకొనిపోయి, ఎండిన చెరువు గట్టున సగం కాల్చి విడిచిపెట్టుతారు. శరత్ చూపినది ఇద్దరు ప్రేమికుల ఎడబాటు మాత్రమే కాదు, ఒక మనిషి మరణాన్ని సైతం ముట్టరాని వస్తువుగా చూచిన సంఘాన్ని. చిత్రంలో ప్రేమకథ నిలిచి, ఈ సంఘవిమర్శ తొలగిపోయినది.

అట్లని మూలంలో లేనిదానిని చేర్చుట ఎల్లప్పుడు దోషం కాదు. నవలలో పార్వతి, చంద్రముఖి ఎన్నడూ కలుసుకొనరు. బిమల్ రాయ్ చిత్రంలో పల్లకిలో పోయే పార్వతి, కాలినడకన వచ్చే చంద్రముఖి దారిలో ఒకరినొకరు చూచుకొని, మాట లేకుండ సాగిపోతారు. ఇది రచయిత వ్రాయని సన్నివేశం. అయినా వారి మధ్య సంఘం ఉంచిన దూరాన్ని అది మరింత స్పష్టం చేసినది. భన్సాలీ చిత్రంలో ఆ ఇద్దరు స్త్రీలే దుర్గాపూజలో కలిసి నాట్యమాడుతారు. కన్నులకు ఇంపైన ఆ దృశ్యంలో ఆ దూరం ఒక్క పాటతో చెరిగిపోయినది. రెండూ చేర్పులే. మొదటిది రచయిత దృష్టికి లోబడినది, రెండవది తన వైభవానికి.

ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి ఈ చర్చ కేవలం కళాచర్చ కాదు. తెలుగు వినగలిగినా తెలుగు లిపి చదువలేని పిల్లలు అనేక కుటుంబాలలో పెరుగుతున్నారు. వారికి నవల అందదు, చిత్రమే అందుతుంది. చిత్రంలో తొలగినది వారి విషయంలో శాశ్వతంగా తొలగినట్లే. కావున పిల్లలకు ‘దేవదాసు’ చిత్రం చూపవలసినదే. అది తెలుగువారి ఆస్తి. అయితే చూపిన పెద్దలు ఆ వారంలోనే తెలుగు అనువాదం తెచ్చి, అర్ధరాత్రి ఘట్టాన్ని, చివరి ప్రకరణాన్ని చదివి వినిపించవలెను. విన్న పిల్లలలో ఒకరైనా మిగిలిన పుటలు తామే చదువుకొనుటకు లిపి నేర్చుకొన్నచో, ఆ చిత్రం తన మూలగ్రంథానికి చేయగల ఉత్తమమైన సేవ అదే.