గట్టు మీది అడ్డసరం, సీసాలోని సిరప్

మందుల షాపులో కఫం కరిగించే సిరప్ అడిగితే, సీసా మీద చిన్న అక్షరాల్లో ఆంబ్రాక్సాల్ అనో బ్రోమ్‌హెక్సిన్ అనో కనిపించడం మామూలే. ఆ పేర్లకూ పొలం గట్టున పెరిగే అడ్డసరానికీ చుట్టరికం ఉందంటే కొనేవారిలో చాలామంది నమ్మరు.

అడ్డసరం ఆకు ఒట్టి చేదు. మేకలు కూడా పెద్దగా ముట్టవు కాబట్టే దాన్ని కంచెగా వేస్తారు. ఆయుర్వేదంలో దాని పేరు వాస. వాసారిష్టం, వాసావలేహ్యం ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి. పల్లెల్లో అయితే ఆకు దంచి, రసం పిండి, తేనె కలిపి పట్టిస్తారు. లేదంటే నాలుగు మిరియాలు వేసి కషాయం కాస్తారు. ఊటీలో ప్రభుత్వం తరఫున క్వినైన్ పరీక్షలు చూసే డేవిడ్ హూపర్ 1888లో ఈ ఆకులోని ఆల్కలాయిడ్‌ను వేరుచేశాడు. దానికి వాసిసిన్ అని పేరుపడింది. ఆ అణువు నమూనా మీదే జర్మనీకి చెందిన బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీ తయారుచేసిన బ్రోమ్‌హెక్సిన్ 1963లో మార్కెట్లోకి వచ్చింది. బ్రోమ్‌హెక్సిన్ శరీరంలోకి వెళ్లాక మారి ఏర్పడే పదార్థాల్లో ఒకటి ఆంబ్రాక్సాల్. తర్వాత అదే విడిగా మందయింది. రెండింటి పనీ ఒకటే: జిగటగా పట్టుకున్న కఫాన్ని పలచబరిచి, దగ్గితే బయటికొచ్చేలా చేయడం.

అంతమాత్రాన 'మన అమ్మమ్మలకు అన్నీ ముందే తెలుసు' అని జబ్బలు చరుచుకోనక్కర్లేదు. పెద్ద ఎత్తున పరీక్షలకు నిలబడింది ఆ అణువులే గానీ, వంటింట్లో కాచిన కషాయం కాదు. ఏ ఆకులో ఎంత వాసిసిన్ ఉందో గ్లాసు చూసి చెప్పలేం. పైగా వాసిసిన్‌కు గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణముంది. అందుకే గర్భిణులకు అడ్డసరం పనికిరాదు. ఊరి చిట్కాల్లో ఈ హెచ్చరిక తరచూ జారిపోతుంది.

అమృతాంజనం కథ వేరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. ఆయన నడిపిన ఆంధ్రపత్రిక వెనకున్న డబ్బు ఆ పచ్చసీసాదే. తలనొప్పికని కొన్నా, జలుబు చేస్తే చేయి దానంతటదే రొమ్ము మీదికి పోతుంది. ఇలాంటి బామ్‌లలోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రాన్ ఎకిల్స్ బృందం కొలిచి చూస్తే, ముక్కు తెరుచుకున్నట్టు మనిషికి అనిపించింది గానీ లోపల గాలికి అడ్డేమీ తగ్గలేదు. అయితేనేం, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చున్నవాడికి ఆ అనిపించడం కూడా తక్కువేం కాదు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి పసిపిల్లల రొమ్ముకు రాసే అలవాటు మాత్రం మానాల్సిందే. కర్పూరం ఒంట్లో చేరితే పిల్లలకు ఫిట్స్ రావచ్చు. రెండేళ్లలోపు వారికి కర్పూరం బామ్‌లు వద్దని డబ్బాల మీదే రాస్తారు.

తేనె సంగతికొస్తే రుజువు కాస్త గట్టిగానే ఉంది. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 105 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఏ మందూ వేయని పిల్లల కంటే పడుకోబోయే ముందు తేనె తాగిన పిల్లల్లో రాత్రి దగ్గు బాగా తగ్గిందని తల్లిదండ్రులు చెప్పారు. బ్రిటన్ 2019 మార్గదర్శకాల్లో మామూలు దగ్గుకు తేనెను చేర్చింది. ఏడాది నిండని బిడ్డకు మాత్రం చుక్క కూడా నాకించకూడదు, బాట్యులిజం అనే జబ్బు ముప్పుంది. పురిటి బిడ్డకు తేనె నాకించే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఇక మిగిలింది దుప్పటి కప్పుకుని పసుపు వేసి పట్టే ఆవిరి. హాయిగా ఉంటుంది, కాదనలేం. జలుబు దానివల్ల త్వరగా తగ్గుతుందనడానికి ఆధారాలు మాత్రం పలచనే. మరిగే నీళ్లు ఒలికి పిల్లలు ఒళ్లు కాల్చుకున్న కేసులు వైద్య పత్రికల్లో కొల్లలు. బాత్‌రూమ్‌లో వేడినీళ్లు వదిలి కాసేపు కూర్చోబెడితే గిన్నె గొడవ ఉండదు. దగ్గు రెండు వారాలు దాటినా, తెమడలో నెత్తురు కనిపించినా చిట్కాల జోలికి పోకుండా తెమడ పరీక్ష చేయించాలి. క్షయ పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.