స్క్రూ ఆఖరున

ఏప్రిల్ వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల పాత పికప్పులన్నీ రోడ్డెక్కుతాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల నుంచి రసాలు, బంగినపల్లి, కలెక్టర్ కాయ నింపుకుని నున్న మార్కెట్టు దగ్గర బారులు తీరుతాయి. ఆ వరుసలో కాసేపు నిలబడితే ఒక రొద తప్పకుండా వినపడుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉంటుంది, డ్రైవరు పెడల్ మీద నుంచి కాలు తీసేసి ఉంటాడు, ఇంజను మాత్రం తగ్గదు. బండి రేజవుతోందంటారు. మా తోట కాయ కూడా అలాంటి పాత డీజిల్ బండిలోనే పోతుంది. అందుకే ఈ జబ్బును కనిపెట్టే పద్ధతి మీద నాకు ఆసక్తి, దాన్ని ఓపిగ్గా పాటించే మెకానిక్‌ల మీద గౌరవం.

ఐడ్లింగ్ ఎక్కువైతే ఏం పోయింది, నడుస్తోంది కదా అనుకునేవాళ్ళున్నారు. చాలా పోతుంది. డీజిల్ ఊరికే కాలిపోతుంది. ఫస్ట్ గేరు వేయబోతే కరకరమంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, కాలు తీసినా బండి ముందుకు తోస్తూనే ఉంటుంది. ట్రేలు మోసే హమాలీలు బండ్ల మధ్య నుంచి దాటే చోట అలాంటి బండి ఉండటం ప్రమాదం.

ఈ మధ్య కుర్రాళ్ళు ఫోన్‌లో వీడియోలు చూసి వస్తున్నారు. అవి ఎక్కువగా పెట్రోల్ బండ్లవి. పెట్రోల్ ఇంజనులో గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి పోతే స్పీడు పెరుగుతుంది కాబట్టి గొట్టాల మీద స్ప్రే కొట్టి లీకు వెతుకుతారు. మన పాత డీజిల్‌లో స్పీడును నిర్ణయించేది గాలి కాదు, ఇంజెక్షన్ పంపు పంపే డీజిల్. అక్కడ స్ప్రే కొడితే ఉపయోగం లేకపోగా, అది ఇంజను లోపలికి పోతే అదే ఇంధనమై కూర్చుంటుంది. దయచేసి ఆ పని చేయకండి.

మా ఊరి మెకానిక్ చేసే తీరు వేరు. ముందు ఇంజను బాగా వేడెక్కనిస్తాడు, చల్లగా ఉన్నప్పుడు కొన్ని బండ్లు సహజంగానే కాస్త ఎక్కువ తిరుగుతాయి. తర్వాత కిందకు వంగి పెడల్ చూస్తాడు. కాయ కింద పరిచిన వరిగడ్డి, మ్యాట్ మడత, గట్టిపడ్డ ఎర్రమట్టి, వీటిలో ఏదో ఒకటి పెడల్‌ను పూర్తిగా పైకి రానివ్వదు. పాత బండ్లలో కొన్నింటికి డ్యాష్ మీద చేత్తో లాగే నాబ్ ఉంటుంది, పొద్దున లాగి మరిచిపోయినవాళ్ళూ ఉంటారు.

అసలు పరీక్ష బానెట్ ఎత్తాక మొదలవుతుంది. ఇంజను ఆపి, పంపు లీవరుకూ దాన్ని ఆపే ఐడ్లింగ్ స్క్రూకూ మధ్య ఒక కాగితం ముక్క దూరుస్తాడు. కాయ చుట్టడానికి తెచ్చిన పాత పేపరు చాలు. కాగితం తేలిగ్గా జారిపోయిందా, లీవరు స్క్రూను తాకడం లేదన్నమాట. అప్పుడు స్క్రూ ఎంత తిప్పినా ఫలితం ఉండదు. ఆ తర్వాత పెడల్ నుంచి వచ్చే కేబుల్ కొసను లీవరు నుంచి ఊడదీస్తాడు. లీవరు టక్కున వెనక్కి వచ్చి స్క్రూకు ఆనిందంటే తప్పు కేబుల్‌ది. "బాబాయ్, తొడుగు పగిలి దుమ్ము పట్టింది, కొత్తది వేసేద్దాం" అంటాడు. రాకపోతే రిటర్న్ స్ప్రింగు సాగిపోయిందనో, లీవరు ఇరుసు పట్టేసిందనో అర్థం. ఇంత తేలిక పరీక్ష ఇంత స్పష్టమైన జవాబు ఇవ్వడం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

లీవరు స్క్రూకు ఆని కూడా స్పీడు తగ్గకపోతే, ఎవరో స్క్రూ కదిపి ఉండాలి, లేదా లోపం పంపు లోపల ఉండాలి. లోపల గవర్నర్ ఉంటుంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి బిగించిన తిరిగే గుండ్ల ఆలోచనే అందులోనూ ఉంది. స్పీడు పెరిగేకొద్దీ బరువులు విచ్చుకుని ఇంధనం తగ్గిస్తాయి. ఆ భాగాల్లో ఏది పట్టేసినా రోడ్డు పక్కన బాగయ్యే పని కాదు, పంపును టెస్ట్ బెంచ్ ఎక్కించాల్సిందే. 2022లో నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారినా, పంపు పనికి మావాళ్ళ దారి మాత్రం విజయవాడ ఆటోనగర్‌కే. పంపు మీద సీసం సీలు వేసిన ఇంకో స్క్రూ ఉంటుంది. అది గరిష్ఠ వేగానికి హద్దు, దాన్ని బయట ఎవరూ ముట్టుకోకూడదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇంత ఓపిక పనికిరాదు. తాళం తీసినా ఇంజను ఆగక, స్పీడు దానంతటదే పెరుగుతూ నీలం పొగ చిమ్ముతుంటే అది తన ఇంజనాయిల్‌నే తాగుతోందని అర్థం. డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలి ఆపాలి. గాలి గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టకూడదు.

కొత్త సీఆర్‌డీఐ (కామన్ రైల్ డీజిల్) బండ్లలో చాలావాటికి పెడల్ కేబులే లేదు. పెడల్ దగ్గర సెన్సరు ఉంటుంది, స్కానర్ పెట్టి చూడాలి. కానీ తోటల్లో ఇంకా తిరుగుతున్నవాటిలో పాతవి చాలానే ఉన్నాయి. అరిగిన కేబుల్‌ను వదిలేసి స్క్రూ వెనక్కి తిప్పితే రొద ఎలాగూ తగ్గదు. పైగా కేబుల్ పట్టు వదిలిన రోజున బండి సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. మళ్ళీ స్క్రూ, మళ్ళీ రేజింగ్.

కాబట్టి పూత నిలిచి పిందె పడే రోజుల్లోనే, బండికి పని మొదలుకాకముందే, కేబుల్ ఒకసారి చూపించుకోండి. సీజన్లో రేజవుతోందని షెడ్డుకు తీసుకెళ్ళినా, తొందరలో "స్క్రూ తిప్పేయ్" అనకండి. ముందు కేబుల్ ఊడదీసి చూడమనండి.