అంబాసిడర్‌ను ఇంట్లో విప్పుకుంటే

పాత అంబాసిడర్ కొని ఇంటికి తెచ్చుకున్నవాళ్లలో చాలామంది దాన్ని ముందు పెయింటర్ దగ్గరికి తీసుకెళ్తారు. ఒక వానాకాలం గడిచేసరికి తలుపుల కింది అంచున రంగు పొక్కులు లేస్తుంది. గోటితో గీరితే పెచ్చు ఊడొస్తుంది. పెచ్చు వెనక పుట్టీ, పుట్టీ వెనక రేకు ఉండాల్సిన చోట చిల్లు. పెయింటర్ని తిట్టి లాభం లేదు, చెప్పిన పని చేశాడు. ఆఖర్న చేయించాల్సింది మొదట చేయించుకున్నారు, అంతే. ఇంటి షెడ్డులో పాత కారు బాగుచేయడమంటే నా లెక్కలో ముఖ్యంగా వరస తెలియడం: ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు ముట్టుకోకూడదు.

బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా ఉన్న కారే పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో, హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో అంబాసిడర్ అయింది. 1950ల చివర్లో మొదలై 2014 మే దాకా అక్కడే తయారైంది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అంటూ గ్రిల్లు మారింది, డాష్‌బోర్డు మారింది, ఒంటి తీరు మాత్రం అదే. కలెక్టరు గారి కారు, ఎమ్మెల్యే గారి కారు, పెళ్లికొడుకు ఊరేగిన కారు, రైల్వే స్టేషన్ బయటి టాక్సీ అన్నీ ఇదే కావడంతో దీని పని తెలిసిన మేస్త్రీ లేని ఊరు ఒకప్పుడు లేదు. ఇప్పుడు వెతుక్కోవాలి. విజయవాడ ఆటోనగర్‌లోనో, కోల్‌కతా మల్లిక్ బజార్‌లోనో పాత సామాను ఇంకా దొరుకుతుంది గానీ, దాన్ని బిగించే చేతులు తగ్గిపోతున్నాయి. అందుకే ఈ విద్య ఇళ్లలోకి వస్తోంది.

దీనికి ఇల్లు చాలు కూడా. పాత పెట్రోలు మోడల్ బానెట్ ఎత్తితే ఇంజన్ పక్కనుంచి నేల కనిపిస్తుంది. కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. గట్టి సిమెంటు నేల, వాన పడని కప్పు, బల్లకు బిగించిన వైస్, మంచి లైటు ఉంటే మొదలుపెట్టొచ్చు. రెండు విషయాల్లో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఒకటి, బండిని నిలబెట్టే ఇనప స్టాండ్లు. జాకీ ఎత్తడానికే. దాన్ని నమ్ముకుని కిందికి దూరకూడదు. ఇటుకలు పేర్చి దూరడం అంతకంటే ప్రమాదం, బరువు పడ్డ ఇటుక చెప్పకుండా చిట్లుతుంది. రెండోది, అంగుళాల పానాలు. పాత 1489 సీసీ ఇంజన్ నట్లు అంగుళాల కొలతవి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. మన డబ్బాలో ఉండే 13 నంబరు పానా దానికి పట్టినట్టే ఉంటుంది, తుప్పు పట్టిన నట్టు మీద బలం పెట్టగానే జారి మూలలు అరగ్గొడుతుంది. తర్వాత ఉలీ సుత్తీ తప్ప దారి ఉండదు. పాత అంబాసిడర్ల ఇంజన్లలో గుండ్రంగా అరిగిన నట్లు కనిపిస్తే ఏళ్ల తరబడి ఏ పానాతో తిప్పారో తెలిసిపోతుంది.

విప్పేటప్పుడు ఫోన్‌తో ఫొటోలు తీయడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు. మంచిదే. దానికంటే మేలైన పాత అలవాటు ఇంకోటి ఉంది: భాగం ఊడదీశాక దాని బోల్టులు మళ్లీ అదే రంధ్రాల్లో రెండు చుట్లు తిప్పి వదిలేయడం. ఏ బోల్టు ఎక్కడిదో ఆర్నెల్ల తర్వాత కూడా బండే చెబుతుంది.

ఇక రేకు సంగతి. అంబాసిడర్‌కు లారీలా విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. తలుపుల కింద పొడుగ్గా పోయే పెట్టె లాంటి భాగం, అంటే సిల్, మొత్తం బరువును మోస్తుంది. ముందు అద్దం రబ్బరు ఎండి బీటలిస్తే వాన నీరు కాళ్ల దగ్గరికి దిగుతుంది. మ్యాట్ కింది గోనె ఆ నీటిని పట్టి ఉంచుతుంది. ఫ్లోర్ రేకు పైనుంచి తింటూ పోతుంది. సిల్‌లో నీరు పోవడానికి పెట్టిన చిన్న రంధ్రాలు బురదతోనో, ఎవరో దయతలచి పూసిన తారుతోనో మూసుకుపోతే అది లోపలి నుంచి కుళ్లుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలి తగిలిన బండికీ, అనంతపురం ఎండలో నిలిచిన బండికీ ఇక్కడే తేడా. అనంతపురం బండికి రబ్బర్లన్నీ పోయి ఉండొచ్చు, రేకు మిగులుతుంది. రెంటిలో ఏది కొనమంటారంటే రెండో ఆలోచన లేకుండా అనంతపురం బండే. రబ్బర్లు కొనుక్కోవచ్చు.

కొనేముందే అయస్కాంతం పట్టుకుని చుట్టూ తిరగాలి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, మందంగా పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. సిల్‌ను కిందనుంచి స్క్రూడ్రైవర్ పిడితో కొడుతూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లినది దబ్‌మంటుంది. ఆ చోట్లన్నీ చాక్‌పీసుతో గుర్తుపెట్టుకోవాలి.

కుళ్లిన సిల్‌ను కోసి కొత్త రేకు అతికేటప్పుడు టింకరింగ్‌లో అనుభవం తేలిపోతుంది. గ్రైండర్ పట్టుకోకముందే తలుపు తీసి, ముందు పిల్లర్ నుంచి మధ్య పిల్లర్‌కు అడ్డంగా, మూలకు మూలగా ఇనప గొట్టాలు వెల్డింగ్ చేయాలి. ఇది చేయకుండా రెండు సిల్‌లూ ఒకేసారి కోస్తే బండి నడుం కుంగుతుంది. కుంగినట్టు కంటికి కనపడదు. కొత్త సిల్ అతికి, గొంతుదాకా ఖర్చయ్యాక, తలుపు వేయబోతే పడదు. అప్పుడు తలుపును తప్పుపట్టి దాని అంచులు సుత్తితో కొట్టేవాళ్లను చూశాను. అందుకే ఒక వైపు పూర్తిగా ముగించాకే రెండోవైపు. బరువు చక్రాల మీద ఎలా పడుతుందో అలాగే ఆనించి ఉంచాలి. కొంచెం అతికాక తలుపు తగిలించి, సందులు సమంగా ఉన్నాయో లేదో చూసుకుని మళ్లీ అతకాలి. పాత మేస్త్రీలు గ్యాస్ వెల్డింగ్‌తో అద్భుతాలు చేసేవాళ్లు గానీ, పల్చటి రేకు ఆ వేడికి ముడతలు పడుతుంది. ఇంట్లో నేర్చుకునేవాళ్లకు మిగ్ వెల్డింగ్ నయం, అదీ గీత లాగకుండా చుక్క చుక్కగా, ఒక చుక్క ఇక్కడ, చల్లారేలోగా ఇంకోటి అక్కడ. పెట్రోలు ట్యాంకు ముందే దించేయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

బాడీ నిలిచాక బ్రేకులు. పాత బ్రేకు షూల లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి డ్రమ్ము లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పాత బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేకు ఆయిలు దారి ఒక్కటే. ఎక్కడ కారినా పెడల్ నేలకు దిగుతుంది. వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు బాగున్నట్టు కనిపించినా మార్చేయడమే. ముందు సస్పెన్షన్ టార్షన్ బార్లది. అవి మెలితిప్పుకు అలవాటుపడిన కడ్డీలు, ఎడమది ఎడమకే, కుడిది కుడికే. తీసేముందు పంచ్‌తో గుర్తు కొట్టకపోతే తిరిగి బిగించాక బండి ఒక పక్కకు ఒరిగి నిలబడుతుంది.

ఇంజన్‌కు వచ్చేసరికి ముందు దాని సంగతి దాన్నే అడగాలి. ప్లగ్గులు తీసి, కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగు సిలిండర్ల అంకెలు రాసుకోవాలి. ఒకటి తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరక్కపోతే వాల్వులు కూర్చోవడం లేదు. రింగులైతే బ్లాకు లేత్ షాపుకు పోవాలి. బోరు 73 మిల్లీమీటర్లు చిల్లర, దాన్ని రీబోరు చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు, కాదని ఒప్పుకోవడమూ నైపుణ్యమే. హెడ్డు విప్పితే మాత్రం ఒక పని కలిపి చేయించుకోవాలి. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసం పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరక్కుండా కాపాడేది. గట్టి ఉక్కు సీట్లు వేయిస్తే ఆ బెంగ పోతుంది.

టాపెట్లు సెట్ చేయడం మాత్రం ఇంట్లోనే, చల్లటి ఇంజన్ మీద, తీరిగ్గా చేసుకోవాలి. ఈ ఇంజన్‌కు వాల్వులు ఎనిమిది. ముందునుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోవాలి. బంపర్‌లోంచి హ్యాండిల్ పెట్టి నెమ్మదిగా తిప్పుతూ ఎనిమిదో వాల్వు స్ప్రింగు పూర్తిగా అణిగేదాకా చూడాలి. అప్పుడు ఒకటో వాల్వు పూర్తిగా మూసుకుని ఉంటుంది, దాన్ని సెట్ చేయాలి. ఆరోది అణిగితే మూడోది. నాలుగోది అణిగితే అయిదోది. ఏడోది అణిగితే రెండోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ఇది తెలిస్తే ఏ పుస్తకమూ అక్కర్లేదు. 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్ల ఫీలర్ గేజి రేకును రాకర్‌కూ వాల్వుకూ మధ్య పెట్టి, లాక్‌నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పాలి. రేకు ఊరికే జారకూడదు, ఇరుక్కోనూకూడదు. నెయ్యి రాసిన వేళ్ల మధ్య నుంచి తమలపాకు లాగినట్టు కాస్త పట్టి రావాలి. లాక్‌నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కొద్దిగా తిరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడాలి. టాపెట్ల చప్పుడు నచ్చక మరీ దగ్గరగా బిగించేవాళ్లున్నారు. చప్పుడు పోతుంది, కొన్నాళ్లకు వాల్వూ కాలిపోతుంది. కొంచెం టకటకలాడే అంబాసిడరే ఆరోగ్యంగా ఉన్నట్టు.

ఇప్పుడు మార్పుల మాట. తెలుగునాట రూపు మార్చిన పాత బండ్లలో అందరికీ తెలిసింది ఎన్టీఆర్ చైతన్య రథం. పాత షెవ్రొలే వ్యాన్ ప్రచార వేదికగా మారింది, హరికృష్ణ నడిపారు. ఆ ముచ్చట చూసి పెరిగిన మనకు బండిని కోసి కొత్తది చేయడం మీద మోజు ఉండటం సహజమే. నా పక్షపాతం మాత్రం వెనక్కి తీసుకోగల మార్పుల వైపు. డైనమో తీసి ఆల్టర్నేటర్ వేయండి. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో చార్జి ఇవ్వదు, ట్రాఫిక్‌లో రాత్రిపూట లైట్లు మసకబారతాయి. హెడ్‌లైట్లకు రిలేలు పెట్టండి. రెండు 60 వాట్ల హాలోజెన్ బల్బులు పది ఆంపియర్లు లాగుతాయి, ఆ కరెంటంతా పాత స్విచ్చిలోంచి పోనిస్తే అది కాలుతుంది. తర్వాతి కాలపు అంబాసిడర్ల ముందు డిస్క్ బ్రేకులు దొరికితే అవి వేయండి. ఇవన్నీ బోల్టులు విప్పి మళ్లీ పాతవి బిగించుకునేవే. ఇప్పుడొచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం మెత్తబడి చీలతాయి. వాటి బదులు ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయడం మార్పు కిందికి కూడా రాదు, ప్రాణరక్షణ. మంట పుట్టేది అక్కడే మరి.

పెద్ద డీజిల్ ఇంజన్ ఎక్కించడానికి ముందు క్రాస్ మెంబర్ కోయడం, సన్‌రూఫ్ కోసం టాప్ కోయడం వేరే సంగతి. కోసిన రేకు తిరిగి రాదు. పైగా చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజన్ మార్చాలనుకుంటే రవాణా కార్యాలయంలో అడిగి, కాగితం చేతికొచ్చాకే పానా పట్టాలి. యాభై ఏళ్లు దాటి అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. దాంతో రోజువారీ తిరగడం కుదరదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ అలాంటివాటికే. 1970ల మార్క్ 2 ఉన్నవాళ్లు గ్రైండర్ ఎత్తేముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

డబ్బు లెక్క అడిగితే గిట్టదు. పెట్టినంత అమ్మితే రాదు. గిట్టుబాటు కోసం చేసేవాళ్లు పుట్టీ పూసి రంగు కొట్టి అమ్మేస్తారు, మొదట చెప్పిన పొక్కులు వాళ్ల బండ్లవే.

రంగు అన్నిటికన్నా చివర్న. ఇంట్లో రుద్దుడు దాకా చేసుకోవచ్చు, 400 వాటర్ పేపర్ నుంచి 800కి, 1000కి పోతూ. కొత్తరకం టూ-కే పెయింటు మాత్రం బయట బూత్‌లో కొట్టించాలి. అందులోని హార్డెనర్ ఆవిరి ఊపిరితిత్తులకు విషం, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. పాత ఎన్‌సీ పెయింటయితే ముసురు రోజుల్లో వద్దు, గాలిలో తేమకు తెల్లబారుతుంది.

తిరిగి బిగించిన ఇంజన్‌ను స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసేసి, ఆయిలు ప్రెషర్ చూపించేదాకా సెల్ఫ్‌తో తిప్పాలి. మొదటి 500 కిలోమీటర్లు లాగించి తొక్కకుండా నడిపి, ఆయిలు మార్చి, హెడ్డు బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన వరసలో మళ్లీ చూసి, టాపెట్లు మళ్లీ సెట్ చేయాలి. అన్నాళ్లూ రాత్రిపూట బండి కింద అట్టముక్కలు పరిచి పెట్టండి. ఇంజన్ వెనక, గేర్‌బాక్సు కలిసేచోట రెండు మూడు నల్లటి చుక్కలు పడితే కంగారు వద్దు. ఈ పాత ఇంజన్‌కు క్రాంకు వెనక ఇప్పటిలాంటి రబ్బరు సీలు లేదు, ఆయిల్‌ను వెనక్కి తోసే మర గాడి మాత్రమే ఉంది, కాస్త కారడం దాని స్వభావం. చక్రం లోపలివైపున, పల్చగా, జిడ్డుగా ఒక్క చుక్క కనిపించినా అది బ్రేకు ఆయిలు. ఆ రోజు బండి గేటు దాటకూడదు.